ఏ3, బీ2: ఒక ఆసుపత్రి సర్వర్‌లో రెండు రకాల మెమరీ ఎర్రర్లు

ఉత్తర తెలంగాణలో ఒక జిల్లా కేంద్రంలోని ప్రైవేటు ఆసుపత్రి సర్వర్ ఇది. రెండు ప్రాసెసర్ల ర్యాక్ సర్వర్, ఇంటెల్ జియాన్ స్కైలేక్ తరం. ఒక్కో ప్రాసెసర్‌కు ఆరు మెమరీ చానళ్లు, ఒక్కో చానల్‌కు రెండు స్లాట్లు. మొత్తం 24 స్లాట్లలో 12 నింపారు. అన్నీ 32 జీబీ డీడీఆర్4 ఆర్‌డిమ్‌లు (సర్వర్ మెమరీ మాడ్యూళ్లు), కలిపితే 384 జీబీ. మొదటి ప్రాసెసర్ వైపు స్లాట్లకు ఏ1, ఏ2 అని, రెండోదాని వైపు బీ1, బీ2 అని పేర్లు. దాని మీద లైనక్స్, ఒకే సర్వర్‌లో చాలా మెషీన్లను నడిపించే కేవీఎం. వాటి మీద బిల్లింగ్, ల్యాబ్ రిపోర్టులు, ఫార్మసీ స్టాకు, ఆరోగ్యశ్రీ క్లెయిములు తయారుచేసే వర్చువల్ మెషీన్లు. పక్కనే ఇంకో సర్వర్ ఉంది కానీ మెమరీ తక్కువ, మొత్తం లోడ్ దాని మీద పడితే మోయలేదు.

కంప్లయింట్ నా దగ్గరికి మూడు విడివిడి సంగతులుగా వచ్చింది. బిల్లింగ్ కౌంటర్లో స్క్రీన్ ఉండుండి ఆగిపోతోంది. సర్వర్ ముందు పసుపు లైట్ వెలుగుతోంది. ల్యాబ్ వర్చువల్ మెషీన్ ఒక తెల్లవారుజామున దానంతటదే ఆగిపోయింది, ఆన్ చేస్తే మామూలుగానే లేచింది. ఈ మూడింటికీ సంబంధం ఉండొచ్చని అక్కడ ఎవరికీ తట్టలేదు. కౌంటర్ ఆగితే నెట్‌వర్క్ అనుకున్నారు, ల్యాబ్ మెషీన్ పోతే విండోస్ అప్‌డేట్ అనుకున్నారు. లైట్ సంగతి మాత్రం సిస్టమ్స్ చూసే కుర్రాడికి తెలుసు.

"మెమరీ ఎర్రర్ అని వస్తుంది సార్. లాగ్ క్లియర్ చేస్తే లైట్ పోతుంది. మళ్ళీ వస్తే మళ్ళీ క్లియర్ చేస్తున్నా" అన్నాడు. అంతకుముందే వెండర్ తరఫు ఇంజనీర్ వచ్చి బీ2లో మాడ్యూల్ మార్చి వెళ్లారట. "కొత్తది కూడా బాలేనట్టుంది సార్, మళ్ళీ బీ2 అనే వస్తోంది."

ఆ అబ్బాయిని తప్పు పట్టను. లైట్ వెలిగితే ఏం చేయాలని వెతికితే చాలా చోట్ల మొదట కనిపించే సలహా అదే: లాగ్ క్లియర్ చెయ్యి, మళ్ళీ వస్తే చూద్దాం. కానీ క్లియర్ చేసిన ప్రతిసారీ ఏ స్లాట్, ఏ టైమ్, ఎన్నిసార్లు అన్న వివరం కూడా పోతుంది. ఈ కేసులో జవాబంతా ఆ వివరంలోనే ఉంది.

కరెక్టబుల్ అంటే ఏమీ కానట్టు కాదు

సర్వర్ మెమరీలో ప్రతి 64 బిట్ల డేటాకు 8 అదనపు బిట్లు ఉంటాయి. 1950లో బెల్ ల్యాబ్స్‌లో రిచర్డ్ హ్యామింగ్ ప్రచురించిన కోడ్ నుంచి వచ్చిన పద్ధతి ఇది, ఈసీసీ అంటారు. ఒక బిట్ తారుమారైతే అది ఏ బిట్టో కనిపెట్టి సరిచేస్తుంది, రెండు బిట్లు పోతే సరిచేయలేకపోయినా తప్పు జరిగిందని చెబుతుంది. మొదటిది కరెక్టబుల్ ఎర్రర్, రెండోది అన్‌కరెక్టబుల్. ఇప్పటి సర్వర్లు ఇంకో అడుగు ముందుకేశాయి. ఒక్కో చిప్ 4 బిట్లు ఇచ్చే మాడ్యూల్ అయితే, ఒక చిప్ మొత్తం చెడ్డా డేటా నిలబెట్టుకోగలవు.

సరిచేసేశాక ఇంకేం బాధ అని అడుగుతారు. బాధ రెండు రకాలు. ఒకటి వేగం. ఈ సర్వర్‌లో ఎర్రర్‌ను ముందు ఫర్మ్‌వేర్ (బోర్డులోనే ఉండే ప్రోగ్రామ్, బయోస్ అందులో భాగమే) అందుకుని, లెక్క రాసుకుని, తర్వాత ఆపరేటింగ్ సిస్టమ్‌కు చెబుతుంది. అందుకోసం సిస్టమ్ మేనేజ్‌మెంట్ ఇంటరప్ట్ వస్తుంది, అది వచ్చినప్పుడు ప్రాసెసర్ కోర్లన్నీ చేస్తున్న పని ఆపేస్తాయి. ఎప్పుడో ఒకటి వస్తే ఎవరికీ తెలియదు. గుంపుగా వస్తే కౌంటర్లో కూర్చున్న అమ్మాయికి కర్సర్ ఆగినట్టు కనిపిస్తుంది. ఆసుపత్రిలో నెట్‌వర్క్ స్విచ్ మార్చడానికి కొటేషన్ కూడా తెప్పించారు అప్పటికే.

రెండోది ముందు రాబోయే నష్టం. గూగుల్ డేటా సెంటర్ల మెషీన్ల మీద టొరంటో యూనివర్సిటీ పరిశోధకులతో కలిసి చేసిన అధ్యయనం 2009లో వచ్చింది. అందులో ఏడాదికి దాదాపు మూడో వంతు మెషీన్లలో, 8 శాతానికి పైగా మాడ్యూళ్లలో కనీసం ఒక కరెక్టబుల్ ఎర్రర్ కనిపించింది. అంతకంటే ముఖ్యమైన సంగతి, కరెక్టబుల్ ఎర్రర్లు వచ్చిన మాడ్యూల్‌లో అన్‌కరెక్టబుల్ ఎర్రర్ వచ్చే అవకాశం, ఏ ఎర్రర్లూ రానిదానికంటే చాలా ఎక్కువ.

కాస్మిక్ కిరణాల వల్ల వస్తుంటాయిలే అని వదిలేసేవాళ్లు కూడా ఉన్నారు. అది పూర్తిగా అబద్ధం కాదు, కణాలు తగిలి బిట్లు మారడం నిజమే. చిప్ ప్యాకేజీలో ఉండే రేడియోధార్మిక పదార్థపు జాడల నుంచి వచ్చే ఆల్ఫా కణాలు బిట్లను తిప్పేస్తాయని 1978లో ఇంటెల్ ఇంజనీర్లే చూపించారు. కానీ అలాంటి దెబ్బ ఒకసారి ఒకచోట తగిలి పోతుంది. మళ్ళీ రాస్తే ఆ బిట్ బాగానే ఉంటుంది. అదే చోట మళ్ళీ మళ్ళీ వస్తుంటే అది ఆకాశం నుంచి వచ్చింది కాదు, హార్డ్‌వేర్‌లో ఉన్నది.

ముందు కాపీలు, తర్వాతే స్క్రూడ్రైవర్

వెళ్లగానే ఆ కుర్రాడికి చెప్పిన మొదటి మాట, నేను చెప్పేదాకా ఏదీ క్లియర్ చేయొద్దని. బీఎంసీలో (సర్వర్ బాగోగులు చూసుకునే విడి చిప్) ఉన్న సిస్టమ్ ఈవెంట్ లాగ్‌ను ఐపీఎంఐటూల్ అనే కమాండ్‌తో ఫైల్‌లోకి దించాం. బీఎంసీ ఇచ్చే సపోర్ట్ బండిల్ కూడా తీసుకున్నాం. డీమైడీకోడ్ అనే లైనక్స్ కమాండ్ ఇచ్చిన మెమరీ వివరాలు ఇంకో ఫైల్‌లో: ఏ స్లాట్‌లో ఏ పార్ట్ నంబర్, ఏ సీరియల్ నంబర్, ఎంత స్పీడ్.

లాగ్ చివరిసారి చెరిపిన దగ్గర్నుంచే ఉంది కాబట్టి అందులో చరిత్ర తక్కువ. అదృష్టం కొద్దీ సర్వర్ పెట్టినవాళ్లెవరో ర్యాస్‌డెమన్ ఆన్ చేసి ఉంచారు. కెర్నల్‌కు (లైనక్స్‌లో హార్డ్‌వేర్‌ను నడిపే మూలభాగానికి) తెలిసిన ప్రతి మెమరీ ఎర్రర్‌నూ అది తన చిన్న డేటాబేస్‌లో రాసుకుంటుంది. బీఎంసీ లాగ్ చెరిపినా ఇది చెరగదు. నెలల చరిత్ర అందులో చెక్కుచెదరకుండా ఉంది. కొత్త సర్వర్ పెడుతున్నవాళ్లకు నేను గట్టిగా చెప్పేది ఇదే, ఇన్‌స్టాల్ చేసిన రోజే ర్యాస్‌డెమన్ ఆన్ చేయండి. ఎర్రర్లు మొదలయ్యాక ఆన్ చేస్తే అంతకుముందుది దొరకదు.

రెండు లాగ్‌లనూ పక్కపక్కన పెడితే టైమ్ కలవలేదు. బీఎంసీలో ఒక అన్‌కరెక్టబుల్ ఎర్రర్ బీ2 పేరుతో రాత్రి 10:10కి ఉంది. ఆ టైమ్‌కు లైనక్స్ లాగ్‌లో ఏమీ లేదు. బీఎంసీ గడియారం యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక టైమ్) ఉందని గుర్తుపట్టాక ఐదున్నర గంటలు కలిపితే తెల్లవారుజామున 3:40. సరిగ్గా ఆ నిమిషంలో కెర్నల్ ఒక లైన్ రాసింది: హార్డ్‌వేర్ మెమరీ కరప్షన్ వల్ల కెమూ (వర్చువల్ మెషీన్‌ను నడిపే ప్రోగ్రామ్) ప్రాసెస్‌ను చంపేస్తున్నానని. ఆ ప్రాసెస్ నంబర్ ల్యాబ్ వర్చువల్ మెషీన్‌ది. విండోస్ అప్‌డేట్‌కు దీంతో ఏ సంబంధమూ లేదు. పాడైన మెమరీ పేజీని (మెమరీలో ఒక చిన్న ముక్కను) ఆ మెషీన్ చదవబోతుంటే, తప్పుడు డేటా ఇవ్వడం కంటే ఆపేయడం మేలని కెర్నల్ ఆపేసింది. ల్యాబ్ రిపోర్టులో ఒక అంకె మారి బయటికి వెళ్లడం కంటే మెషీన్ ఆగిపోవడమే నయం కదా.

ఆ సంగతి తెలిశాక ముందు డేటాబేస్ బ్యాకప్‌లు చూశాం. ఉన్నాయని చూసి సరిపెట్టుకోకుండా పక్క సర్వర్‌లో రీస్టోర్ చేసి, డేటాబేస్ సొంత చెకింగ్ నడిపి, బాగున్నాయని తేలాకే మిగతా పని. మూడు నాలుగు బిట్లు ఒక్కసారే పోతే ఈసీసీ ఒక్కోసారి కనిపెట్టలేకపోవచ్చు కూడా. ఆ అనుమానం ఉన్నప్పుడు హార్డ్‌వేర్ తర్వాత, డేటా ముందు.

అడ్రసులు చెప్పిన కథ

ఎర్రర్ ఎన్నిసార్లు వచ్చిందన్న లెక్క చూసి మాడ్యూల్ మార్చేయడం మామూలుగా జరిగే పని. నేను లెక్క కంటే అడ్రసు ఎక్కువ చూస్తాను. ఎందుకో చెప్పాలంటే మాడ్యూల్ లోపల ఏముందో కొంచెం చెప్పాలి.

ఈ 32 జీబీ మాడ్యూల్ మీద 36 చిప్‌లు, రెండు ర్యాంకులుగా, ర్యాంకుకు 18. ఒక్కో చిప్ 8 గిగాబిట్లు. ఒక్కో చిప్‌లో 16 బ్యాంకులు, ఒక్కో బ్యాంకులో 1,31,072 వరుసలు, ఒక్కో వరుసలో 1,024 కాలమ్‌లు, ఒక్కో కాలమ్‌కు 4 బిట్లు. ఒక్కో బిట్ ఒక బుల్లి కెపాసిటర్‌లో దాచిన చార్జ్. అది కారిపోతూ ఉంటుంది కాబట్టి ప్రతి వరుసనూ 64 మిల్లీసెకన్లకోసారి చదివి తిరిగి నింపాలి. ఏదైనా చెడినప్పుడు ఈ నిర్మాణంలో ఏ స్థాయి చెడిందో ఎర్రర్ అడ్రసులు చెప్పేస్తాయి. ఒక్క బిట్ చెడితే అదే వరుస, అదే కాలమ్. వరుసను తెరిచే తీగ బలహీనపడితే వరుస ఒకటే, కాలమ్‌లు వేర్వేరు. చిప్ మొత్తం పోతే అన్ని బ్యాంకుల్లో ఎర్రర్లు వచ్చినా చిప్ మాత్రం ఒకటే. మాడ్యూల్ బయట, అంటే స్లాట్‌లోనో ప్రాసెసర్ సాకెట్‌లోనో కాంటాక్ట్ పోతే, ర్యాంకు, బ్యాంకు, వరుస దేనికీ పొంతన ఉండదు.

ర్యాస్‌డెమన్ డేటాబేస్‌లోని ఎంట్రీలను స్లాట్‌వారీగా విడదీస్తే అంతవరకూ ఎవరి నోటా రాని ఏ3 బయటపడింది. సంఖ్యలో ఎక్కువ ఎర్రర్లు దానివే. లైట్ వెలిగినప్పుడల్లా స్క్రీన్ మీద పైన కనిపించేది బీ2 కాబట్టి, దాని కింద ఉన్న ఏ3ని ఎవరూ చదవలేదు. ఏ3 ఎంట్రీలన్నింటిలో ర్యాంకు ఒకటే, బ్యాంకు ఒకటే, వరుస ఒకటే. కాలమ్ మాత్రం మారుతోంది. పుస్తకంలో బొమ్మ వేసినట్టున్న వరుస లోపం.

బీ2 దీనికి పూర్తిగా వేరు. రెండు ర్యాంకులూ ఉన్నాయి, బ్యాంకులు దాదాపు అన్నీ ఉన్నాయి, వరుసలకు పొంతన లేదు. కొన్ని గంటలు ఏమీ రాదు, తర్వాత గుప్పుమని వస్తాయి. పైగా వెండర్ ఇంజనీర్ ఇచ్చిన సర్వీస్ రిపోర్టులో కొత్త మాడ్యూల్ సీరియల్ నంబర్ ఉంది, డీమైడీకోడ్ చూపిస్తున్నది కూడా అదే. అంటే మాడ్యూల్ నిజంగానే మారింది. పాత మాడ్యూల్‌తో వచ్చిన ఎర్రర్లు, కొత్తదానితో వచ్చిన ఎర్రర్లు ఒకే తీరులో చెదిరి ఉన్నాయి. వరసగా రెండు మాడ్యూళ్లు అదే స్లాట్‌లో అదే విధంగా చెడిపోవడం నమ్మదగిన మాట కాదు.

డీమైడీకోడ్ ఇంకో సంగతి కూడా చెప్పింది. మిగతా 11 మాడ్యూళ్లు 2666 స్పీడ్‌వి, కొత్తగా పెట్టినది 2400. నెమ్మదిగా ఉన్నదాని స్పీడ్‌కే అన్నీ దిగాలి కాబట్టి మొత్తం మెమరీ 2400లో నడుస్తోంది. ఎర్రర్లకు ఇది కారణం కాదు. కానీ మాడ్యూల్ మార్చినప్పుడు పార్ట్ నంబర్ సరిపోల్చకపోతే ఇలా ఎవరికీ చెప్పకుండా మెషీన్ మొత్తం ఒక మెట్టు దిగుతుంది.

ఇక బీ2లో మొదటి ఎర్రర్ ఎప్పుడొచ్చింది? ర్యాస్‌డెమన్ ప్రకారం మే నెలలో ఒక రోజు. అంతకుముందు బీ2 పేరుతో ఒక్క ఎంట్రీ కూడా లేదు. ఆ రోజు ఏం జరిగిందని అడిగితే ఎవరికీ గుర్తులేదు. సెక్యూరిటీ గేటు దగ్గర విజిటర్ రిజిస్టర్ తెప్పించి చూశాం. దానికి ముందు రోజు సాయంత్రం సర్వర్ సర్వీసుకని ఒక టెక్నీషియన్ వచ్చి వెళ్లినట్టు సంతకం ఉంది. అప్పుడు కుర్రాడికి గుర్తొచ్చింది. "అవును సార్, ఎండాకాలం రెండో ప్రాసెసర్ టెంపరేచర్ ఎక్కువ చూపిస్తోందని హీట్ సింక్ విప్పించి, దానికీ ప్రాసెసర్‌కూ మధ్య రాసే పేస్ట్ మార్పించాం."

ఈ తరం ప్రాసెసర్ సాకెట్‌లో 3,647 కాంటాక్ట్‌లు ఉంటాయి. మెమరీ కంట్రోలర్ ప్రాసెసర్ లోపలే ఉంటుంది, మెమరీ చానళ్ల తీగలన్నీ ఆ కాంటాక్ట్‌ల గుండానే వెళ్తాయి. పాత సాకెట్లలో లీవర్ వేసి ప్రాసెసర్‌ను నొక్కి ఉంచేవారు. ఇందులో ఆ పని ప్రాసెసర్ వేడిని లాగేసే హీట్ సింకే చేస్తుంది. అది బిగిసిన తీరును బట్టే కాంటాక్ట్‌ల మీద ఒత్తిడి. ఒక మూల వదులైతే ప్రాసెసర్ బాగానే పనిచేస్తున్నట్టు ఉంటుంది, ఒక మెమరీ చానల్ మాత్రం ఉండుండి తడబడుతుంది. కాబట్టి నా అనుమానం మాడ్యూల్ మీద కాదు, రెండో ప్రాసెసర్ హీట్ సింక్ మీద. అనుమానం ఉంది కదా అని నేరుగా దాన్ని విప్పలేదు, ముందు దాన్ని తేల్చే పరీక్ష ఒకటి ఉంది.

ఆ రాత్రి

ఆసుపత్రి పరిపాలనాధికారి (ఏవో) గారితో మాట్లాడి రాత్రి 11 తర్వాత టైమ్ తీసుకున్నాం. క్యాజువాలిటీ బిల్లింగ్, ల్యాబ్ పక్క సర్వర్‌కు మార్చాం, మిగతావి ఆపేశాం. పవర్ కేబుళ్లు రెండూ తీసి, మిగిలిన చార్జ్ పోవడానికి పవర్ బటన్ నొక్కి ఉంచి, చేతికి యాంటీ స్టాటిక్ స్ట్రాప్ కట్టుకుని మూత తీశాం.

మొదటి మార్పు ఒక్కటే: బీ2లోని మాడ్యూల్ బీ5లోకి, బీ5లోది బీ2లోకి. ఇంకేదీ ముట్టుకోలేదు. ఎర్రర్ మాడ్యూల్ వెంట వెళ్తే మాడ్యూల్ తప్పు, స్లాట్ దగ్గరే ఉండిపోతే మిగతాదాని తప్పు. అందరికీ తెలిసిన పరీక్షే. దీన్ని పాడుచేసేది తొందర. ఒకే రీబూట్‌లో మాడ్యూల్ మార్చి, స్లాట్ తుడిచి, బయోస్ అప్‌డేట్ చేసి, లాగ్ చెరిపేస్తే ఎర్రర్ పోయినా దేనివల్ల పోయిందో తెలియదు.

సర్వర్ లేచింది. స్ట్రెస్-ఎన్‌జీ పెట్టి మెమరీ మొత్తం రాయించి, చదివించి, సరిపోల్చే పని మొదలుపెట్టబోతూ మొత్తం మెమరీ ఎంతో చూశాను. 352 జీబీ. 384 ఉండాలి, 32 తక్కువ. ఒక స్లాట్ లెక్కలో లేదు.

ఇక్కడ చాలామంది దారి తప్పడం చూశాను, అందుకే కాస్త వివరంగా చెబుతున్నాను. అన్‌కరెక్టబుల్ ఎర్రర్ వచ్చిన స్లాట్‌ను తర్వాతి బూట్‌లో బయోస్ పక్కన పెట్టేస్తుంది. ల్యాబ్ మెషీన్ పోయిన రోజు నుంచి సర్వర్ రీబూట్ కాలేదు కాబట్టి, ఆ గుర్తు అమల్లోకి వచ్చింది మేం ఆన్ చేసిన ఈ రాత్రే. ఈ సర్వర్‌లో ఆ గుర్తు స్లాట్ పేరు మీద ఉంటుంది, మాడ్యూల్ మార్చినా పోదు. అంటే బీ2లో ఇప్పుడున్న మంచి మాడ్యూల్‌ను ఎవరూ వాడటమే లేదు. అలాగే టెస్ట్ నడిపి ఉంటే బీ2లో ఒక్క ఎర్రర్ కూడా రాదు. బీ5లోకి వెళ్లిన మాడ్యూల్ కూడా బాగానే నడుస్తుంది. సర్దుకుందిలే అని ఇంటికి వెళ్లిపోతాం. వాడని స్లాట్‌లో ఎర్రర్ ఎక్కడి నుంచి వస్తుంది? మెమరీ మార్చిన ప్రతిసారీ లాగ్ చూసే ముందు మొత్తం సైజు చూడండి.

బయోస్ సెటప్‌లోకి వెళ్లి బీ2 మీద ఉన్న ఆ నిషేధం తీసేసి మళ్ళీ బూట్ చేస్తే 384 వచ్చింది. టెస్ట్ మొదలైంది. ఎక్కువసేపు పట్టలేదు. ఎర్రర్లు వచ్చాయి, బీ2లోనే, ఈసారి మూడో సీరియల్ నంబర్‌తో. బీ5లోకి వెళ్లిన మాడ్యూల్ నుంచి ఏమీ లేదు. మొదట బీ2 నుంచి తీసేసిన పాత మాడ్యూల్ ఎప్పుడో వెండర్‌కు తిరిగి వెళ్లిపోయింది, బహుశా అది కూడా నిక్షేపంగా ఉండే ఉంటుంది.

మెమ్‌టెస్ట్ ఎందుకు నడపలేదని కుర్రాడు అడిగాడు. మంచి ప్రశ్నే. ఈసీసీ ఉన్న మెషీన్‌లో ఒక బిట్ తప్పును కంట్రోలర్ సరిచేసి ఇస్తుంది, టెస్ట్ ప్రోగ్రామ్‌కు అందేది సరైన డేటా. కాబట్టి ఈసీసీ లెక్కలు చదవలేని టెస్ట్ పాస్ అని చూపిస్తుంది. ఇలాంటి చోట మెమరీకి పని పెట్టేది ఒకటి, ఎర్రర్ లెక్కపెట్టేది ఒకటి ఉండాలి. పని పెట్టడం స్ట్రెస్-ఎన్‌జీ చూసుకుంటుంది, లెక్క ర్యాస్‌డెమన్, బీఎంసీ చూసుకుంటాయి.

మళ్ళీ పవర్ తీసి హీట్ సింక్ దగ్గరికి వచ్చాం. దాని మీద నాలుగు నట్లు, పక్కనే 1, 2, 3, 4 అని బిగించే వరస ముద్రించి ఉంటుంది. టార్క్ స్క్రూడ్రైవర్‌ను 12 అంగుళం-పౌండ్లకు పెట్టి ఒక్కోటీ పట్టి చూస్తే మూడు కదలలేదు. నాలుగోది చాలా తేలిగ్గా ముప్పావు చుట్టు తిరిగింది. తర్వాత వరస తిరగేసి నట్లన్నీ వదులు చేసి హీట్ సింక్ ఎత్తాం. ఈ డిజైన్‌లో ప్రాసెసర్ కూడా దానికి క్లిప్‌తో అంటుకుని పైకి వస్తుంది. తిప్పి భూతద్దం, టార్చిలైట్ పెట్టి చూస్తే అడుగున బంగారు ప్యాడ్‌ల మీద ఒక అంచున బూడిద రంగు మరక. థర్మల్ పేస్ట్. ఆవగింజంత కూడా లేదు. పేస్ట్ మార్చేటప్పుడు వేలికి అంటినది అక్కడ తగిలి ఉండాలి. సాకెట్‌లో పిన్నులు ఏటవాలుగా వెలుగు వేసి చూశాం. అన్నీ ఒకే తీరుగా మెరిశాయి, ఒక్కటి కూడా వంగలేదు. అది చూశాక గాని నాకు టెన్షన్ తగ్గలేదు. పిన్ను వంగి ఉంటే మదర్‌బోర్డే మార్చాలి.

ఐసోప్రొపైల్ ఆల్కహాల్, నూలు పోగులు వదలని గుడ్డతో ప్యాడ్‌లు తుడిచి, పూర్తిగా ఆరనిచ్చి, పైన కొత్త పేస్ట్ రాసి, 1-2-3-4 వరసలో అదే టార్క్‌కు బిగించాం. వదులు నట్టా, పేస్ట్ మరకా, రెండింటిలో అసలు దోషి ఏదని అడిగితే విడదీసి చెప్పలేను. విప్పితేగాని మరక కనిపించదు, విప్పి బిగిస్తే నట్టు ఎలాగూ సర్దుకుంటుంది. చానల్ మొత్తం మీద చెదిరిన ఎర్రర్లకు రెండూ సరిపోయే కారణాలే.

ఈసారి టెస్ట్ తెల్లవారేదాకా నడిచింది. బీ2 నుంచి ఒక్కటీ రాలేదు. ఏ3 మాత్రం మామూలుగానే అదే వరుస నుంచి పంపుతూ ఉంది. టెస్ట్ నిజంగానే పనిచేస్తోందనడానికి అది మాకు రుజువు కూడా అయ్యింది.

ఏ3కి వేరే వైద్యం

డీడీఆర్4 చిప్‌లలో కొన్ని వరుసలు అదనంగా పెట్టి ఉంచుతారు. ఒక వరుస చెడితే దాని బదులు అదనపు వరుసను శాశ్వతంగా కలిపేసే పద్ధతి ఉంది, పోస్ట్ ప్యాకేజ్ రిపేర్ అంటారు. చిప్ లోపల ఫ్యూజ్‌లు కాల్చి చేసే మార్పు కాబట్టి కరెంటు పోయినా పోదు, మాడ్యూల్‌ను ఇంకో సర్వర్‌లో పెట్టినా ఉంటుంది. వెనక్కి తీసుకోవడానికి మాత్రం వీలుండదు. అదనపు వరుసలు కొన్నే, ఒక్కో బ్యాంక్ గ్రూప్‌కు ఒకటి అన్న స్థాయిలో ఉంటాయి. అందుకే ఇది వరుస లోపానికి మందు, కాంటాక్ట్ లోపానికి కాదు. బీ2లో ఎర్రర్లు వస్తున్నప్పుడు ఇది ఆన్ చేసి ఉంటే, బాగున్న వరుసలను చెడినవనుకుని ఉన్న స్పేర్లన్నీ ఖర్చుపెట్టేసేది. ముందు బీ2 తేల్చుకుని తర్వాత ఏ3 ముట్టుకోవడానికి అదే కారణం.

లైనక్స్ వైపు నుంచి పాడైన పేజీలను పక్కన పెట్టే ఏర్పాటు కూడా ఉంది. ఒక బిట్ లోపానికి అది బాగా పనిచేస్తుంది. వరుస లోపానికి అంత నప్పదు. ర్యాంకులోని డేటా చిప్‌లన్నీ కలిపితే ఒక వరుస 8 కేబీ. అది ఆరు చానళ్ల మధ్య ఇంటర్‌లీవ్ అయ్యేసరికి (డేటాను చానళ్లకు వంతులవారీగా పంచేసరికి) బోలెడు 4 కేబీ పేజీల్లో ముక్కలై ఉంటుంది. ఒకటి పక్కన పెడితే ఇంకోటి తగులుతుంది.

బయోస్‌లో రిపేర్ ఆప్షన్ ఆన్ చేసి రీబూట్ చేశాం. ఏ3లో రిపేర్ విజయవంతమైందని బీఎంసీ లాగ్‌లో ఎంట్రీ పడింది. మళ్ళీ టెస్ట్ పెడితే ఏ3 కూడా నిశ్శబ్దం.

ఏ3ని మార్చేయొచ్చు కదా అని వెండర్ ఫోన్‌లో అన్నారు. వారంటీలో ఉంది, ఊరికే వస్తుంది. నా అభిప్రాయం వేరు. ఒకే వరుస చెడి, దానికి రిపేర్ కుదిరిన మాడ్యూల్‌ను తీసేసి చరిత్ర తెలియని ఇంకో మాడ్యూల్ పెట్టడం వల్ల పెద్దగా లాభం లేదు. రెండో వరుస చెడితే మాత్రం వెంటనే తీసేయాలి, అప్పుడది ముదురుతోందని అర్థం. అందుకే సరిగ్గా అదే పార్ట్ నంబర్ 2666 మాడ్యూళ్లు రెండు తెప్పించాం. ఒకటి 2400 దాని స్థానంలోకి వెళ్లింది, ఇంకోటి ఏ3 కోసం స్పేర్‌గా ఉంచాం.

క్లియర్ చేయడం ఎక్కడెక్కడ

రెండు లోపాలూ పోయాయి. పసుపు లైట్ పోలేదు. బీఎంసీ పేజీలో ఏ3, బీ2 రెండూ ఇంకా ఎర్రగానే ఉన్నాయి. ఇప్పుడు క్లియర్ చేయడానికి సరైన సమయం. కానీ మెమరీ ఎర్రర్ జాడ ఒక్కచోట ఉండదు.

ఈవెంట్ లాగ్ అందరికీ తెలిసినది. అది చెరిపితే సంఘటనల జాబితా పోతుంది. చాలా సర్వర్లలో మాడ్యూల్‌వారీ ఎర్రర్ లెక్క బీఎంసీలో దానికి విడిగా ఉంటుంది, ఆ లెక్క ఒక గీత దాటితే ఆ మాడ్యూల్‌కు 'డిగ్రేడెడ్' అన్న ముద్ర పడుతుంది. లాగ్ చెరిపినా ఈ ముద్ర మిగిలిపోవచ్చు, మెమరీ ఎర్రర్లు రీసెట్ చేసే ఆప్షన్ వేరే ఉంటుంది. ఇక్కడ అదే జరిగింది. బయోస్ పెట్టుకునే స్లాట్ నిషేధం మూడోది, దాని సంగతి పైన చెప్పాను. లైనక్స్ కెర్నల్ ఉంచుకునే మెమరీ ఎర్రర్ లెక్కలు (ఈడీఏసీ) రీబూట్‌తోనే సున్నా అవుతాయి, నడుస్తుండగా చేయాలన్నా వీలుంది. ర్యాస్‌డెమన్ డేటాబేస్‌ను మాత్రం చెరపనివ్వలేదు. పాత ఫైల్‌ను తేదీ పేరుతో పక్కన దాచి, కొత్తది మొదలుపెట్టించాం.

ఈవెంట్ లాగ్ చివర చెరిపాం. ముందు చెరిపితే మిగతావి రీసెట్ చేసేటప్పుడు పడే ఎంట్రీలు అందులో చేరి, రేపు ఎవరైనా చూసినప్పుడు కొత్త గొడవలా కనిపిస్తాయి. లాగ్‌కు చోటు కూడా తక్కువే. కొన్ని సర్వర్లలో నిండిపోతే కొత్త ఎంట్రీలు పడవు, కాబట్టి ఎప్పటికీ చెరపకూడదని కూడా నేను అనను. చెరిపే ముందు ఫైల్‌లోకి దించుకోవాలి, కారణం తెలిశాక చెరపాలి. బీఎంసీ గడియారాన్ని కూడా నెట్‌వర్క్ టైమ్ సర్వర్‌కు (ఎన్‌టీపీ) కలిపి, భారత టైమ్ జోన్ పెట్టి వచ్చాం.

తర్వాత

బిల్లింగ్ కౌంటర్లో ఆగడం ఆ మర్నాటి నుంచే పోయింది. స్విచ్ కొటేషన్ పక్కన పెట్టేశారు.

సిస్టమ్స్ కుర్రాడు ఒక చిన్న స్క్రిప్ట్ రాసుకున్నాడు. ప్రతి ఉదయం ర్యాస్‌డెమన్ సారాంశం, మొత్తం మెమరీ సైజు, 12 సీరియల్ నంబర్లు అతనికి మెయిల్‌లో వస్తాయి. కొన్ని వారాల తర్వాత నాకు ఫోన్ చేశాడు. "సార్, ఏ3లో ఒకటి వచ్చింది. కానీ బ్యాంకు వేరు, వరుస వేరు, ఒక్కసారే. ప్యాట్రోల్ స్క్రబ్‌లో, అదే సర్వర్ తనంతట తానే మెమరీ అంతా చదివి చూసుకునేటప్పుడు, దొరికినట్టుంది. మార్చేయనా?" అడ్రసు చూసి తనే సగం జవాబు చెప్పేశాడు. అదే వరుస మళ్ళీ వస్తే స్పేర్ పెట్టెయ్, రాకపోతే వదిలెయ్ అన్నాను. మళ్ళీ రాలేదు.

ఆసుపత్రి వార్షిక సర్వీస్ ఒప్పందం ఫారంలో రెండు లైన్లు చేర్పించాం. హీట్ సింక్ విప్పితే టార్క్ స్క్రూడ్రైవర్‌తోనే బిగించాలి, బిగించినవాళ్లు అక్కడ సంతకం పెట్టాలి. విప్పిన రోజు నుంచి వారం పాటు ఆ ప్రాసెసర్ వైపు స్లాట్ల ఎర్రర్ రిపోర్టు రోజూ చూసి, ఫారానికి జత చేయాలి.